దుఃఖితునికి కర్మసిద్ధాంతం చెప్పే అధికారం ఎవరిచ్చారు?



దుఃఖం ఎందుకున్నది అనే ప్రశ్నను ఇద్దరు వేస్తారు. ఒకడు నాస్తికుడు. ఈశ్వరుడే ఉంటే, ఆయన దయామయుడే అయితే, పసిబిడ్డలకు ప్రాణాంతకవ్యాధులు ఎందుకని అతడు నిలదీస్తాడు. రెండవవాడు ఆర్తుడు. అతనికి వాదంతో పని లేదు. అతని ఇంట దీపం ఆరినది. ప్రశ్న ఇద్దరి నోటా ఒకే మాటలలో వినిపిస్తుంది గనుక మన ఆస్తికలోకం ఇద్దరికీ ఒకే సమాధానం పడవేస్తున్నది: "పూర్వజన్మ కర్మ." మొదటివానికి అట్లా చెప్పడం శాస్త్రసమ్మతం. రెండవవానికి చెప్పడం శాస్త్రవిరుద్ధం, నిర్దయ. కాబట్టి ఇక్కడ నా వివాదం నాస్తికునితో కాదు, మనవారితోనే.

ముందు నాస్తికుని సంగతి ముగిద్దాం. అతని ప్రశ్న వినగానే కోపం తెచ్చుకునే భక్తులకు మన దర్శనాల చరిత్ర తెలియదనుకోవాలి. మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహాన్ని చార్వాకమతంతోనే ఆరంభించారు. వేదప్రామాణ్యం కోసం వాదయుద్ధాలు చేసిన కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈశ్వరుని సృష్టికర్తృత్వాన్నే ఆక్షేపించాడు. కరుణచేత సృష్టించాడందామంటే సృష్టికి పూర్వం కరుణింపదగిన ప్రాణి ఏది? కరుణే హేతువైతే కేవలం సుఖమయమైన లోకమే ఎందుకు పుట్టలేదు? నేటి హేతువాదులు అడిగేదానికంటె ఇది పదునైన ప్రశ్న. అడిగినవాడు వైదికశిఖామణి.

ఇటువంటి ఆక్షేపానికి వేదాంతుల సమాధానం బ్రహ్మసూత్రాలలో ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలోని వైషమ్యనైర్ఘృణ్యాధికరణంలో ఉన్నది. వైషమ్యమంటే పక్షపాతం, నైర్ఘృణ్యమంటే దయలేనితనం. ఒకరిని భోగంలోను మరొకరిని రోగంలోను పుట్టించిన ఈశ్వరునికి ఈ రెండు దోషాలు అంటవా అని పూర్వపక్షం. ఆయన ప్రాణికర్మలను అనుసరించి సృష్టిస్తాడు గనుక అంటవని సిద్ధాంతం. శంకరభగవత్పాదులు భాష్యంలో వర్షాన్ని దృష్టాంతంగా చూపారు. వాన వరికీ యవలకూ సమానమే; ఏ మొలక ఏ పైరవుతుందనేది విత్తనంలోని శక్తిని బట్టి ఉంటుంది. మరి మొట్టమొదటి సృష్టిలో కర్మ ఎక్కడిదంటే, సంసారం అనాది, మొదటి సృష్టి అన్నదే లేదని ఆ వెంటనే సమాధానం వస్తుంది. ఇది ప్రశ్నను వెనుకకు నెట్టడమే కదా అని నాస్తికుడు అంటాడు. అననీయండి. కేవలతర్కం మీద పరతత్త్వం నిలువదని అదే పాదంలో ఆచార్యులే ఒప్పుకున్నారు. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో తర్కంతోనే ఈశ్వరుని సాధించబూనారు. ఆ ప్రయత్నం మహత్తరమైనదే, కాని నేను శంకరుల పక్షం. నాస్తికుని నోరు మూయించడం అర్చకుని విధులలో లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ అధికరణం ఎవరిని గురించినది? ఈశ్వరుని గురించినది. అభియోగం ఈశ్వరునిపై, నిర్దోషిత్వం తేలినది ఈశ్వరునికి. ఆ వ్యాజ్యంలో ఎదుట కూర్చుని ఏడుస్తున్న మనిషిని ముద్దాయిగా నిలబెట్టమని సూత్రకారుడు ఎవరికీ చెప్పలేదు. సుఖదుఃఖాల వైచిత్ర్యానికి కర్మ హేతువనే సామాన్యాన్ని అది స్థాపించినది, విశేషాన్ని కాదు. కుండను చూచి కుమ్మరి ఒకడున్నాడని అనుమానప్రమాణంతో చెప్పవచ్చు. కుండను చూచి ఆ కుమ్మరి పేరు, ఊరు, నడవడి చెప్పేవాడు నైయాయికుడు కాడు, సోదె చెప్పేవాడు. కర్మ నడక అంతు చిక్కనిదని గీతాచార్యుడు నాల్గవ అధ్యాయంలో అర్జునుని హెచ్చరించాడు. అర్జునునికి అంతు చిక్కనిది మన వీధిచివరి జ్యోతిష్కునికి అయిదు నిమిషాలలో ఎట్లా చిక్కుతున్నదో!

కొన్నేళ్ల క్రితం, ఏడేళ్ల కుమారుని విషజ్వరంలో పోగొట్టుకున్న ఒక తండ్రి, అశౌచం తీరిన చాలా రోజులకు ఆలయానికి వచ్చాడు. అర్చన చేయించలేదు. జనం పలచబడేదాకా ధ్వజస్తంభం దగ్గర నిలబడి, "పంతులుగారూ, అది వాడు చేసుకున్న పాపమా, మేము చేసిన పాపమా?" అని అడిగాడు. కడుపుశోకంలో తనంత తాను పుట్టే ప్రశ్న కాదది. ఎవరో గుచ్చిన ముల్లు. అడిగితే తెలిసినది: పరామర్శకు వచ్చిన బంధువు ఒకరు, ఆపైన శాంతికి ఖర్చు లెక్క వ్రాసి ఇచ్చిన సిద్ధాంతి ఒకరు. శాంతులు నేనూ చేయిస్తాను, అది నా జీవిక. కాని శాంతి అంటే ప్రార్థన, అపరాధరుసుము కాదు. భయపెట్టిన నోటనే ధర కూడా వెలువడితే దానికి వైదికకర్మ అనే పేరు తగదు. ఆ తండ్రితో, నాకు తెలియదు నాయనా, ఎవరికీ తెలియదు అని మాత్రమే అన్నాను. పిల్లవాని పేరు అడిగాను. ఇంటికి వచ్చేవారెవరూ ఆ పేరు పలకడం లేదట. చాలాసేపు వాని ముచ్చట్లే చెప్పాడు.

అతడు అడిగిన ప్రశ్ననే శాస్త్రరీత్యా చూడండి. తల్లిదండ్రుల పాపానికి బిడ్డ మరణించాడంటే, చేయనివాడు ఫలం అనుభవించినట్లు. దీనికి అకృతాభ్యాగమమని పేరు. చేసినదాని ఫలం అనుభవించకుండానే నశించడం కృతహాని. ఈ రెండు దోషాలు రాకుండా ఉండడానికే కర్మసిద్ధాంతాన్ని అంగీకరించినది. "మీ పాపమే పిల్లవానికి తగిలింది" అనే పెద్దమనిషి ఆ సిద్ధాంతాన్ని సమర్థించడం లేదు, పునాదితో సహా పెకలిస్తున్నాడు. పోనీ, బిడ్డ పూర్వజన్మపాపమే అంటారా? ఆ జన్మ ఏదో, ఆ కర్మ ఏదో చూచినవారు ముందుకు రావచ్చు.

పతంజలి యోగసూత్రాల సమాధిపాదంలో, మనకు ఎదురయ్యే మనుషులను నాలుగు తెగలుగా చూచి, చిత్తం నిర్మలం కావడానికి ఒక్కొక్కరియందు ఒక్కొక్క భావన నిలుపుకొమ్మన్నాడు. దుఃఖంలో ఉన్నవానికి కరుణ కేటాయించాడు, పాపికి ఉపేక్ష. తరతరాలుగా పాఠం చెప్పుకుంటున్నా చాలామంది గమనించని సంగతి ఇందులో ఒకటున్నది. దుఃఖితుడు వేరు, పాపి వేరు. దుఃఖమే పాపచిహ్నమైతే రెండు తెగలు ఎందుకు? ఒకే మనిషిని ఏకకాలంలో కరుణించి, ఉపేక్షించమనా? కర్మాశయాన్ని అంత సూక్ష్మంగా విచారించిన మహర్షే వ్యవహారంలో ఆ రెంటినీ కలపలేదు.

ఆదిపర్వంలోని మాండవ్యుని వృత్తాంతం మీకు తెలిసినదే. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలలో ఒకడని భ్రమించి రాజభటులు కొరత వేశారు. తనకెందుకీ బాధ అని ఆయన ధర్మదేవతనే అడిగాడు. బాల్యంలో పురుగులను ముల్లుతో గుచ్చిన ఫలమని జవాబు వచ్చినది. ఊహ కాదు, జ్యోతిష్కుని గుణింతం కాదు. కర్మల లెక్క చూచే అధికారి స్వయంగా చెప్పిన మాట. మాండవ్యుడు తల వంచాడా? చిన్న తప్పుకు ఇంత శిక్షా అని ధర్ముణ్ణే మనుష్యజన్మ ఎత్తమని శపించాడు. విదురుడు అట్లా జన్మించినవాడే. పదునాలుగేళ్ల లోపు చేసినది పాపంగా లెక్కింపరాదని మర్యాద కూడా కట్టాడు. తెలిసి చెప్పిన యమధర్మరాజుకే శాపం తప్పనప్పుడు, తెలియకుండా చెప్పేవారి గతి ఏమిటి?

మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో ఫలానా పాపానికి ఫలానా రోగమని ఉన్నది కదా అని పండితులు అడుగుతారు. ఉన్నది. కాని అది ప్రాయశ్చిత్తప్రకరణం. చేయబోయేవానిని ఆపడానికి, చేసినవానిని ప్రాయశ్చిత్తానికి ప్రేరేపించడానికి చెప్పినది. నిందార్థవాదానికి తాత్పర్యం నిషేధంలోనే అని మీమాంసకులు మనకు నేర్పారు. దానిని తలక్రిందులు చేసి, రోగిని చూచి పాపి అని నిర్ణయించడం ప్రకరణం తెలియని పఠనం. కుష్ఠురోగులను ఊరి వెలుపలకు నెట్టిన కాలంలో ఈ పఠనం ఎంత అపచారం చేసినదో వేరే చెప్పనక్కరలేదు.

మహనీయులు కూడా ఇక్కడ జారారు. 1934 జనవరి 15న బిహారు భూకంపంలో వేలమంది మరణించినప్పుడు, అది అస్పృశ్యతాపాపానికి దైవశిక్ష అని గాంధీ మహాత్ముడు అన్నాడు. అస్పృశ్యత పాపమనడంలో నాకు సందేహం లేదు. కాని శిథిలాల క్రింద నలిగినవారిలో దానిని పాటించినవారు ఎవరో, దానివలన బాధపడినవారు ఎవరో భూమి ఏరి చూచినదా? రవీంద్రనాథ ఠాకూరు గౌరవం తగ్గకుండానే ఆ మాటను బహిరంగంగా ఖండించాడు. ఇటువంటి తర్కాన్ని ప్రత్యర్థులు కూడా అంతే సులువుగా వాడుకోగలరన్నాడు. ఆ ఖండనను గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చు వేయించాడు. అది ఆయన పెద్దరికం. మన వైపుకే రండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పోయినవారు సుమారు 10 వేల మంది. ఆ తీరాన హంసలదీవిలో వేణుగోపాలస్వామి కొలువై ఉన్నాడు. ఆయన చుట్టుపట్ల పల్లెలనే కడలి ఊడ్చివేసినది. ఆ పల్లెలన్నీ గతజన్మలో కూడబలుక్కుని ఒకే పాపం చేసినవని చెప్పే సాహసం ఎవరికున్నది?

మరి ఓదార్పుకు ఏమి చెప్పాలంటే, అయోధ్యాకాండ తెరవండి. రాముడు వనవాసానికి వెళ్లిన తరువాత కౌసల్య, పూర్వజన్మలో పాలకు వచ్చిన దూడల తల్లుల పొదుగులను కోసి ఉంటానని తన్ను తానే నిందించుకున్నది. దశరథుడు తన చేతిలో మరణించిన మునికుమారుని తానే తలచుకున్నాడు. వ్యాకరణపరిభాషలో ఇది ఉత్తమపురుష: నేను, నా కర్మ. ఆ విచారణకు ఎవరికైనా అధికారమున్నది, అది వైరాగ్యానికి దారి కూడా కావచ్చు. అటుపై కౌసల్యను ఓదార్చినది సుమిత్ర. ఆమె కూడా కన్నకొడుకును అడవికి పంపినదే. "నీ పాపమే అక్కా" అన్నదా? రాముని ధర్మనిష్ఠను కొనియాడినది, లక్ష్మణుడు తోడున్నాడన్నది, గాలీ సూర్యచంద్రులూ వానియెడ చల్లగా ఉంటారన్నది, తిరిగి వస్తాడన్నది. ఆమె మాటలలో మధ్యమపురుషలో కర్మ ప్రస్తావన లేదు.

ఇట్లా అయితే జనంలో పాపభీతి పోతుందని కొందరు నాతో అన్నారు. పాపభీతిని ఆరోగ్యవంతునికి, అధికారంలో ఉన్నవానికి, తప్పు చేయబోయే చేతికి చెప్పండి, ఎవరూ అడ్డుపడరు. ఆర్తుని ముఖాన వాని పాపం చెప్పవలసినదని విధించే శాస్త్రవాక్యం ఒక్కటి ఉంటే తీసుకురండి. ఏకాదశినాటి సాయంకాలం హారతి అయిన తరువాత నేను మండపంలోనే కూర్చుని ఉంటాను.