జట్టు కట్టుట

వేసవి ముదిరి తుంగభద్రలో నీరు సన్నగిల్లి, కడప వీధులలో మధ్యాహ్నపువేళ జనసంచారము తగ్గిపోవు దినములలో, ఐరోపాఖండమున ఫుట్‌బాల్ ఆటగాండ్ర క్రయవిక్రయముల ఋతువు మొదలగును. కర్నూలులో గాని, కడపలో గాని, ప్రొద్దుటూరులో గాని, ప్రొద్దు వాలిన పిదప టీ అంగళ్లయొద్ద గుమిగూడు యువకులు ఏ క్లబ్బు ఎవనిని ఎన్ని కోట్లకు కొన్నదో, ఎవ్వడు లోన్‌పై ఎచ్చటికి పోవుచున్నాడో, ఏ కోచ్ ఎవనిని బెంచీపై కూర్చుండబెట్టనున్నాడో వ్రేళ్లపై లెక్కించి చెప్పుచుందురు. వారి పరిజ్ఞానమునకు నేను ముచ్చటపడుదును. అయినను వారి మాటలయందు ఎల్లప్పుడును ఒక్కటే ప్రశ్న వినవచ్చును: ఈయేడు మనము ఎవరిని కొంటిమి? ఆ జట్టు ఏ విధమున కట్టబడినది, అందలి కుఱ్ఱలు ఏ మైదానమునుండి వచ్చిరి, నేటి పదునొకండుగురికి వయసు మీరిన నాడు వారి చోట నిలువవలసినవారు ఎచ్చట పెరుగుచున్నారు అను ప్రశ్నలు వినరావు. నాకు మాత్రము ఆట యందలి ఆసక్తి యంతయు ఆ ప్రశ్నలయందే యున్నది.

ధనముతో కొనదగినది కొంత కలదు, కాదని నేననను. 2017లో పారిస్ నగరపు క్లబ్బు నెయ్‌మారును బార్సిలోనానుండి తెచ్చుకొనుటకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించెను. ఒక్క ఆటగానికై అంతటి మొత్తమును అంతకుముందు ఎవ్వరును చెల్లించియుండలేదు. ఎంబాపె వచ్చెను, కొన్నాళ్లకు మెస్సియు వచ్చెను. ముగ్గురును ఒక్కవరుసన నిలిచినను ఐరోపా ఛాంపియన్స్ లీగ్ కప్పు ఆ క్లబ్బునకు దక్కలేదు. మువ్వురును వెడలిపోయిన తరువాత, 2025 మే 31న, మ్యూనిక్ నగరమందు, పందొమ్మిదేండ్ల దెజిరె దువే రెండు గోల్స్ వేయగా, ఇంటర్ మిలాన్ జట్టును 5-0తో ఓడించి ఆ కప్పును గెలుచుకొనెను. ఆ జట్టునకును ధనము తక్కువ వ్యయము కాలేదు. దువే సైతము కొనితేబడినవాడే. కాని కోచ్ లూయిస్ ఎన్రికె మొదట ఆట యెట్లుండవలెనో నిశ్చయించుకొని, ఆ ఆటకు తగిన కుఱ్ఱలను సమకూర్చుకొనెను. వెనుకటివారు మొదట పేర్లను కొని, పిమ్మట ఆ పేర్లకు సరిపడు ఆటకై వెదకిరి.

స్పెయిను దేశపు అథ్లెటిక్ బిల్బావో మరియొక త్రోవ పట్టినది. బాస్కు ప్రాంతమున పుట్టినవారిని, లేదా అచ్చటి క్లబ్బులలో ఆట నేర్చినవారిని తప్ప అన్యులను ఆ క్లబ్బు చేర్చుకొనదు. ఇట్టి నియమము పెట్టుకొనియు, రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలతోపాటు పై తరగతి లీగునుండి ఎన్నడును దిగజారని మూడింటిలో నొకటియై నిలిచినది; 2024 ఏప్రిల్ 6న, నలువదేండ్ల నిరీక్షణకు పిమ్మట, రాజు కప్పును మరల గెలిచినది. ఆ బాస్కు ప్రాంతమంతటి జనసంఖ్య సుమారు 30 లక్షలు. 2011 లెక్కలలో ఉమ్మడి కర్నూలు జిల్లా జనసంఖ్యయే 40 లక్షలు దాటినది, కడప జిల్లా జనసంఖ్య 28 లక్షలు దాటినది. ఈ అంకెలను చదివినప్పుడెల్ల నాకు మనసు నిలువదు.

అయినను సీమవానికి ఈ సంగతి పరదేశపు దృష్టాంతములతోనే తెలియవలసిన పని లేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో శిలాశాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అచ్చట గొప్ప చెరువును కట్టించి, క్రీ. శ. 1369లో ఆ శాసనమును వేయించెను. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అందు చెక్కిరి. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును అగు ప్రభువు, జలశాస్త్రము నెఱిగినవాడు, గట్టినేల, దూరమునుండి తియ్యని నీటిని తెచ్చు ఏరు, కట్టడమున ఆరితేరిన పనివాండ్రు అనునవి ఆ అంగములలో కొన్ని. వేయిమంది కూలీలు రెండేండ్లు పాటుపడిరనియు, నూరు బండ్లు రాళ్లు తోలినవనియు అందే కలదు. ప్రభువనుచోట క్లబ్బు యజమానిని, జలశాస్త్రవేత్త యనుచోట కోచ్‌ను, ఏరనుచోట ఊరి బళ్లలోని బాలురను నిలిపి చదివినచో, జట్టు నిర్మాణమునుగూర్చి ఇంతకన్న మేలైన పాఠమును నేనెఱుగను. కొనుగోలు బోరువంటిది. బోరునీరును నీరే, పైరు దప్పి తీర్చును, అవసరమునకు వేయింపవలసినదే. కాని వేయి అడుగులు దింపిన బోరు ఎండిపోయిన నాడు ఇంకొకటి వేయించుటకు అప్పు పుట్టవలెను, అప్పు పుట్టని నాడు తోట యెండవలెను. ఈ సంగతి మా రైతునకు ఎవ్వరును నేర్పనక్కరలేదు.

తెలుగునేలపై అట్టి చెరువొకటి ఒకప్పుడు నిండుగా నుండెను. కర్నూలునకు తుంగభద్ర ఆవలిగట్టు ఇంకను హైదరాబాదు రాష్ట్రమై యున్న ఆ దినములలో, సయ్యద్ అబ్దుల్ రహీము అను బడిపంతులు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చుచుండెను. 1950 మొదలు 1954 వరకు, వరుసగా ఐదేండ్లు, ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచెను. 1950లోనే డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించెను. రహీమునకు ఆటగాండ్రను కొనుటకు ధనము లేదు. జంటనగరముల వీధులలోను, బళ్ల మైదానములలోను తిరిగి కుఱ్ఱలను పట్టెను. వారికి రెండవకాలు సైతము అలవడుటకు బలహీనమగు కాలితోనే ఆడు పోటీలను, బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే తోడివానికి అందించుట అలవడుటకు డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను నడిపెను. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడనుండి అభ్యాసమునకు వచ్చుటకు సైకిలు లేని తులసీదాస్ బలరామ్‌కు అద్దె సైకిలుకై తన డబ్బు నిచ్చెను. ఈ సంగతిని బలరామ్‌ వార్ధక్యమందు తానే చెప్పుకొనెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు నాలుగవస్థానము పొందినప్పుడు అందు హైదరాబాదువారు ఎందరో యుండిరి. ఒక అద్దె సైకిలు వెల ఎంత, దాని ఫలమెంత అని ఇప్పటి క్లబ్బు యజమానులు లెక్కవేసి చూచిన బాగుండును.

రహీము కూర్పునందలి నేర్పు తెలియవలెనన్నచో 1962 జకార్తా ఆసియా క్రీడలను చూడవలెను. డిఫెండరగు జర్నైల్ సింగ్‌కు లీగు దశలో తలకు గాయమై కుట్లు పడెను. వానిని ఇంటికి పంపక, వాని స్థానమునకు వేఱొకడు లేడని వగవక, సెమీఫైనలునందు సెంటర్ ఫార్వర్డుగా ముందునకు నడిపెను. సెప్టెంబరు 4న ఫైనలునందు దక్షిణ కొరియాపై భారతజట్టు 2-1తో గెలిచినప్పుడు, ఒక గోలు పి. కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగ్‌ది. ఉన్నవారిలో ఎవడెందుకు పనికివచ్చునో ఎఱుగుట కోచ్ విద్యలో సగము. బజారులో దొరకు వానిని ఎఱుగుట దాని తరువాతిది.

నిండిన చెరువు నీరు దిగువకు పారెను. కలకత్తా క్లబ్బులకు ధనమును, అభిమానులును కలరు. ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణదేశమునుండి ఐదుగురు ఫార్వర్డులను సమకూర్చి 1949, 1950, 1951 సంవత్సరములలో ఐ.ఎఫ్.ఏ. షీల్డును వరుసగా గెలిపించెను. వంగదేశీయులు పంచపాండవులని పిలుచుకొన్న ఆ ఐదుగురిలో ఆంధ్రుడైన అప్పారావు ఒకడు. 1957లో బలరామ్‌ ఆ క్లబ్బునకే పోయెను, 1961లో దానికి కెప్టెనయ్యెను, అనారోగ్యమువలన ఇరువదియేడేండ్లకే ఆట మానెను, ఆ చెంతనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూసెను. 1966లో హైదరాబాదునుండి పోయిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికిని మారుచు, తిరిగివచ్చుచు, ఇంచుమించు రెండు దశాబ్దములు ఆడెను. ఉద్యోగమను నీడను కోరక ఆటనే వృత్తిగా పట్టెను. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలె ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గా ముగించిన ఆటలో ఒక గోలు వేసెను. ఆ రోజులలో బదిలీల వేళ వచ్చినచో క్లబ్బు కార్యకర్తలు ఆటగాండ్రను ప్రతిపక్షమువారి కంటబడనీయక, సంతకమగు వరకు రహస్యస్థలములందు దాచియుంచెడివారు. క్లబ్బు మారినవానిని ద్రోహియని నిందించు అభిమానులు నేడును కలరు. నాకు ఆ నిందయందు మనసొప్పదు. ఆటగాని కాళ్లకు బలముండు కాలము పదిపదునైదేండ్లు. ఆ కాలములో తన కుటుంబమునకు ఇంత కూడబెట్టుకొనుట వాని హక్కు. తప్పు దిగువకు పారిన నీటిది కాదు. పైనుండి వచ్చు ఏటిని పూడ్చుకొన్నవారిది. 1961లో ఆంధ్ర పోలీసు జట్టు డ్యూరాండ్‌ను, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినవి. 1963 జూన్‌లో రహీము మరణించెను. బళ్ల పోటీలు నడుపువారు, గల్లీలలో వెదకువారు కొఱవడిరి. పాతనీరు కొన్నాళ్లు పారి నిలిచిపోయెను.

ఐదు దశాబ్దములు దాటిన పిమ్మట హైదరాబాదునకు మరల పెద్దజట్టు వచ్చెను. 2019లో మూతపడిన పుణె క్లబ్బు స్థానమున హైదరాబాద్ ఎఫ్.సి. వెలసి, మొదటి యేడు 18 ఆటలలో రెండే గెలిచి అడుగున నిలిచెను. అటుపిమ్మట మనోలో మార్కెజ్ అను స్పెయిను కోచ్ వచ్చి చేసిన పని ప్రశంసనీయము. పేరుమోసిన భారతీయులను అధికమూల్యమునకు కొనక, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి పేరు తెలియని కుఱ్ఱలను నమ్మి ఆడించెను. 2021లో లిస్టన్ కొలాసోను కలకత్తా క్లబ్బు పెద్దమొత్తమునకు కొనిపోయినను జట్టు చెదరలేదు. మరుసటి వసంతమున, 2022 మార్చి 20న, గోవా ఫతోర్దాలో, లీగు కప్పు తుదిపోటీయందు, కేరళ బ్లాస్టర్స్ ఒక గోలు ముందుండగా 88వ నిమిషమున సాహిల్ తవోరా బంతిని వలలోనికి కొట్టినప్పుడు, ఆపై పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపినప్పుడు, కర్నూలులోను కడపలోను టీవీలముందు కేకలు వేసినవారిలో నేనును ఒకడను. ఆ ఆనందమును ఇప్పటికిని నేను తగ్గించి చెప్పను. అయితే ఆనాడు ఆ జట్టు తరఫున మైదానమునకు దిగినవారిలో తెలుగునేలపై పుట్టినవా డొక్కడును లేడు. గోవా, మణిపురము, సిక్కిము, వంగము, మహారాష్ట్రము, స్పెయిను, బ్రెజిలు, నైజీరియా అన్నియు కలవు. కోచ్ దొరకెను, పనివాండ్రు దొరకిరి, ఏరు మాత్రము లేదు.

రెండేండ్లు తిరుగకుండ యజమానుల సంచి వట్టిపోయెను. జీతములు నిలిచినవి, ఫిఫా క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధించెను, ఒక్కొక్కరుగా ఆటగాండ్రు వెడలిపోయిరి. 2023-24లో 22 ఆటలలో ఒక్కటే గెలిచి, కప్పు గెలిచిన ఆ క్లబ్బు 8 పాయింట్లతో అట్టడుగునకు జారెను. క్రొత్త యజమానులు కొని, 2025లో దానిని ఢిల్లీకి తరలించి పేరు సైతము మార్చిరి. పుణె స్థానమున వచ్చినది ఢిల్లీకి పోయినది. పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషములలో నీరు స్వల్పమై స్థలము విస్తారమగుట ఒకటి, కట్టనుండి నీరు ఊరిపోవుట ఒకటి, రెండు రాజ్యముల పొలిమేరన చెరువుండుట ఒకటి. మూడును ఇచ్చట కానవచ్చుచున్నవి. ఆ జట్టునందు పదిమంది హైదరాబాదు బాలురు, వారి వెనుక వారి పేటలు, వారి బళ్లు, వారి తల్లిదండ్రులు ఉండియున్నచో, దానిని ఊరుదాటించుట ఇంత సులభమగునా?

ఇక మన సంగతి. కడపలో గాని కర్నూలులో గాని ఏ ఉన్నతపాఠశాల మైదానమునకైనను సాయంకాలము పోయి చూడుడు. నడుమ మూడు నాలుగు క్రికెట్ ఆటలు ఒకదానిలో నొకటి కలగలసి సాగుచుండును. మూలను గులకరాళ్ల నేలపై పదిమంది బాలురు సగము గాలి పోయిన బంతితో ఆడుచుందురు. గోల్ స్తంభములకు బదులు ఈవల రెండు, ఆవల రెండు బడిసంచులు. సగముమంది పాదములకు ఏమియు నుండదు. అంచున నిలిచి పావుగంట చూచినచో, వారిలో బంతి తనను చేరకముందే తలయెత్తి తోడివాడు ఎచ్చట నున్నాడో చూచుకొని, ఒక్క తాకుతో అందించు బాలుడొకడు తప్పక కనబడును. ఆ తలయెత్తుటను ఎవ్వరును వానికి నేర్పలేదు. వానిని గుర్తించి వ్రాసికొనువాడును లేడు. డ్రిల్లు మాస్టారు ఉన్నచోట ఆయనకు పరీక్షల పని, ఎన్నికల పని. లేనిచోట లేనే లేరు.

ఇది అసాధ్యమని నాతో అనువారికి అనంతపురమును చూపుదును. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అచ్చటికి వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మన సీమ కరవునేలపైననే మైదానములు పరచి, పల్లె బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుచున్నది; లా లిగా సంస్థ సైతము తోడ్పడినది. తెలంగాణమునందు నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళాజట్టులో ఆడుచున్నది. నేల యందు లోపము లేదు.

నేను కోరునది పెద్ద క్లబ్బు కాదు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పట్టణములు, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, రాయచోటి మున్నగునవి, తలకొక క్లబ్బును నమోదు చేయించి, పండ్రెండు, పదునాలుగు, పదునాఱు ఏండ్లలోపు బాలబాలికలకు ఏడాది పొడవున లీగు నడుపవలెను. దీనికి ఆదర్శమే కాదు, ఆర్థికకారణమును కలదు. ఫిఫా నియమము ప్రకారము ఆటగాడు ఒక దేశపు క్లబ్బునుండి మరియొక దేశపు క్లబ్బునకు మూల్యముపై మారినప్పుడు, ఆ మూల్యములో నూటికి ఐదు వంతులు వానిని 12వ యేటినుండి 23వ యేటివరకు పెంచిన క్లబ్బులకు పంచవలెను: 12 మొదలు 15 వరకు ఏటికి పావు వంతు, 16 నుండి ఏటికి అర వంతు. మన పట్టణపు క్లబ్బులో 12 నుండి 17 వరకు ఆడిన బాలుడు ఎప్పుడో కోటి రూపాయలకు మారినచో ఇచ్చటికి రెండు లక్షలు రావలెను. ఒక చిన్న క్లబ్బునకు అది బంతులు, బూట్లు, బస్సు చార్జీలు. కాని ఆ బాలుడు ఏయేట ఏ క్లబ్బునందు ఆడెనో చూపు నమోదు పత్రము లేనిచో ఒక్క పైసయు రాదు. గడచిన యేటికి వెనుకకు పోయి పత్రము వ్రాయుట కుదరదు. ఈయేడు పండ్రెండు నిండు పిల్లల పేర్లు ఈయేడే నమోదు కావలెను.

— సీమవాసి