చిల్లగింజను చూసి మనమే నవ్వితే ఎలా?



మొన్న వరదలకి మామిడికుదురులో కాలవ నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఏజెన్సీ నుంచి వచ్చిన మావాడొకడు సంచిలోంచి చిల్లగింజ తీసి, రాతిమీద అరగదీసి బిందెలో కలిపాడు. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి పైన తేటనీళ్లు. పక్కగది వాళ్లు "మంత్రమేశావా?" అని నవ్వారు. బాధేంటంటే మాలో సగంమందిమి కూడా వాళ్లతో కలిసి నవ్వాం.

అది మంత్రం కాదు. ఇక్కడ కోనసీమ దొడ్లలో కాసే మునగ సంగతే చూడండి. ఆ గింజలో ధనావేశం ఉన్న ప్రోటీన్ ఉంటుంది, బురద రేణువులకి రుణావేశం. రెండూ అతుక్కుని ముద్దకట్టి కిందికి దిగుతాయి. అదే ప్రోటీన్ బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీసి చంపుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. మొలకెత్తేదాకా మట్టిలో కుళ్లకుండా ఉండాలి కదా, చాలా గింజలు తమ మందు తమలోనే దాచుకుంటాయి.

అలాగని గొప్పలకి పోవద్దు. తేటనీళ్లు వేరు, క్రిములు లేని నీళ్లు వేరు. గింజపొడి నీళ్లలో మిగిలిపోతే, చావని బ్యాక్టీరియా దాన్నే తిని మళ్లీ పెరుగుతుంది. తేర్చాక కాచుకునే తాగాలి. ఇంకోటి, చిల్లగింజ, ముష్టిగింజ దగ్గరి చుట్టాలు. ముష్టిలో ఉండే స్ట్రిక్నిన్ ప్రాణం తీస్తుంది. ఏది ఏదో మన తాతలకి చూపుతోనే తెలుసు. మనకి తెలుసా?

జీసీసీ చిల్లగింజల్ని కిలోల లెక్కన కొంటుంది. గింజకి రేటుంది, దాని వెనకున్న తెలివికి లేదు. వేపగింజల నూనెతో శిలీంధ్రాల్ని అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకీ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ 1994లో యూరప్ పేటెంట్ ఆఫీసు పేటెంట్ ఇచ్చేసింది. వందనా శివ లాంటివాళ్లు కొట్లాడితే 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. మన దేశంలో ముందే వాడుతున్నారన్న ఆధారాలు అందులో కీలకం. మన దగ్గర అలాంటి కాగితం ఒక్కటైనా ఉందా?

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఇచ్చింది. పోడు పట్టాల గురించి గంటలు మాట్లాడతాం, ఈ క్లాజు ఎవరూ ఎత్తరు.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు అవ్వల దగ్గర కూర్చోండి. గింజ ఎప్పుడు ఏరతారు, ఎంత అరగదీస్తారు, ఎవరికి ఇవ్వకూడదు, అన్నీ రాయండి. కోయలో చెబితే కోయలోనే రాయండి. తొందరపడి ఈ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పెట్టాలా వద్దా అన్నది ఆ పెద్దోళ్లూ, గ్రామసభా చెప్పాలి.