కుందేలు కరిచిందా? ఎలా ఎత్తుకున్నారో చెప్పండి

‘‘సార్, పిల్లాడిని కుందేలు కరిచింది. కుక్కకాటు ఇంజక్షన్ వేయించాలా?’’

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న ఊళ్లలో పనిచేసే డాక్టర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు చెప్పే ముందు నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. కరిచినప్పుడు కుందేలు ఎక్కడుంది? నేల మీదా, మీ చేతుల్లోనా? ‘‘ఎత్తుకుంటే కరిచింది సార్’’ అంటారు. లేదంటే ‘‘గూట్లోంచి బయటికి తీస్తుంటే కరిచింది’’ అంటారు. ఎక్కువగా వినేది ఈ రెండే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెంపుడు కుందేలును ఎత్తుకోవడం మానేస్తే ఈ కాట్లలో చాలావరకు జరగనే జరగవు. కుందేలుకు పొగరని, బుద్ధి చెప్పాలని అనుకునేవాళ్లు ఒకసారి దాని వైపు నుంచి చూడాలి.

కుక్క, పిల్లి వేటాడే జాతులు. కుందేలు వేటకు దొరికే జాతి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండేది పైనుంచీ వెనక నుంచీ వచ్చే శత్రువును ముందే కనిపెట్టడానికి. గద్ద పైనుంచి వాలుతుంది. నక్క వెనక నుంచి పట్టుకుంటుంది. మన చెయ్యి కూడా అచ్చం అలాగే పైనుంచి వచ్చి, నడుము దగ్గర పట్టి, నాలుగు కాళ్లనూ ఒక్కసారిగా నేల మీద నుంచి లేపేస్తుంది. మనం ముద్దు చేస్తున్నాం అనుకుంటాం. అది మాత్రం ప్రాణం మీదికి వచ్చిందనుకుంటుంది. ముందు బిగుసుకుంటుంది, తర్వాత తన్నుతుంది, గీరుతుంది. అప్పటికీ వదలకపోతే కరుస్తుంది.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దాని వెనక కాళ్ల తాపు ఒక్కసారి తిన్నవాళ్లెవరూ అలా వాదించరు. ఆ కాళ్ల కండలు అంత బలమైనవి. ఎముకలు మాత్రం తేలిక. పిల్లి ఒంటి బరువులో ఎముకలు 12, 13 శాతం ఉంటే, కుందేలులో 8 శాతం దాకానే ఉంటాయి. గాల్లో వేలాడుతూ గట్టిగా తన్నుకుంటే ఆ ఊపుకు దాని నడుమే విరగొచ్చు. చేతిలోంచి జారి పడాల్సిన పని కూడా లేదు. వెనక కాళ్లు పడిపోయిన కుందేలుకు ఆ తర్వాత చేయగలిగేది చాలా తక్కువ. ఎత్తుకోవద్దని నేను అనేది పిల్లల వేళ్ల కోసం ఎంతో, దాని నడుము కోసం కూడా అంతే.

చెవులు పట్టుకుని ఎత్తడం ఇంకా ఘోరం. అవి పట్టుకునే పిడి కాదు. రక్తనాళాలతో నిండి, ఒంట్లో వేడిని బయటికి పంపే అవయవాలు. కొందరు దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కదలకుండా ఉంటే ‘నిద్రపోతోంది’ అని వీడియోలు తీస్తారు. అది నిద్ర కాదు. భయంతో కొయ్యబారిపోవడం.

అన్ని కాట్లూ ఒకటి కాదు

మునిపళ్లతో గిల్లినట్టు చిన్నగా కొరికి వదిలేస్తే, చాలాసార్లు ‘పక్కకు జరుగు’ అని చెప్పడమే. వేళ్లకు క్యారెట్ వాసనో కొత్తిమీర వాసనో ఉంటే తిండి అనుకుని కొరకొచ్చు. దాని మూతికి సరిగ్గా ముందున్నది దానికి కనిపించదు. అందుకే ముక్కు దగ్గరికి వేలు పోనివ్వకూడదు. గూట్లో చెయ్యి పెడితే మీద పడి కరిచేది తన చోటు కాపాడుకునే కుందేలు. నాలుగైదు నెలలు వచ్చేదాకా బుద్ధిగా ఉన్నది ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే, అది ఈడుకు వచ్చిందని అర్థం. అలాంటప్పుడు పునరుత్పత్తి ఆపరేషన్ గురించి పశువైద్యులను అడగాలి. ఇన్నాళ్లూ నిమరనిచ్చిన పెద్ద కుందేలు ఇప్పుడు ముట్టుకోనివ్వడం లేదంటే నొప్పిని అనుమానించాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి సరిపడా నమలకపోతే అవి అరగక, వంకరగా పెరిగి నోట్లో గుచ్చుకుంటాయి. బిస్కెట్లు, అన్నం పెట్టి పెంచే ఇళ్లలో ఈ బాధ ఎక్కువ.

కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మేలో 45 డిగ్రీల దాకా వెళ్లే రోజులుంటాయి. కుందేలుకు 30 దాటితేనే ఇబ్బంది. రేకుల షెడ్డు కింద ఇనుప గూట్లో రొప్పుతున్న దాన్ని మధ్యాహ్నం పూట బయటికి లాగితే కరవక ఏం చేస్తుంది? దానికి ముందు నీడ, చల్లని నేల, నీళ్లు కావాలి.

మచ్చిక చేసుకునే పద్ధతి కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. మీరే నేల మీద కూర్చోండి. గూడు తలుపు తీసి దాన్నే రానివ్వండి. మొదటి రోజు వాసన చూసి వెళ్లిపోతుంది, పోనివ్వండి. కొన్నాళ్లకు ఒళ్లో ముందుకాళ్లు పెడుతుంది. నుదుటి మీద, చెవుల మధ్య నిమిరితే చాలా కుందేళ్లకు ఇష్టం. కొరికినప్పుడు కొడితే, అరిస్తే చేతులంటే ఇంకా భయం పెరుగుతుంది. ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాలంటే బుట్టనో అట్టపెట్టెనో పక్కకు తిప్పి పెట్టి, లోపల నాలుగు ఆకులు వేయండి. అదే ఎక్కుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లడం లాంటి తప్పనిసరి పని పడితే పెద్దవాళ్లే ఎత్తాలి. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి, ఒంటికి ఆనించుకుని పట్టుకోవాలి. దించేటప్పుడు దాదాపు నేలకు తాకేదాకా వదలకూడదు.

చిన్నపిల్లల విషయంలో నాది కాస్త కఠినమైన మాటే. ఏడెనిమిదేళ్లలోపు పిల్లలకు పుట్టినరోజు కానుకగా కుందేలును కొనివ్వకండి. ఆ వయసులో ప్రేమంటే ఎత్తుకోవడమే. మొహానికి దగ్గరగా ఎత్తుకున్నప్పుడు గోరు కంట్లో గీరుకుంటే దెబ్బ చిన్నది కాదు.

ఇక అసలు ప్రశ్న

కుందేలు కరిస్తే మొదటి మందు కుళాయి నీళ్లు, సబ్బు. ధార కింద పెట్టి 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత ఏదైనా యాంటిసెప్టిక్ రాయొచ్చు. పసుపు, సున్నం, కాఫీ పొడి, పసరు పెట్టొద్దు. అవి గాయాన్ని కప్పేస్తాయి తప్ప శుభ్రం చేయవు. కుందేలు పళ్లు సన్నగా, ఉలిలా ఉంటాయి. పైకి చిన్న గాటులా కనిపించినా లోపలికి దిగుతుంది. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా ఒక రోజు తిరక్కుండానే వాపు, ఎరుపు తెప్పించగలదు. ముఖ్యంగా వేళ్ల మీద కాటు జాగ్రత్త. వేలు మొత్తం ఉబ్బి, సగం మడిచినట్టు ఉండిపోయి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఇన్ఫెక్షన్ కండర తంతువు తొడుగులోకి చేరితే వేలు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. షుగరు ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు చిన్న కాటుకైనా చూపించుకోవాలి. టీటీ, అదే ఇప్పుడు మనం ఇచ్చే టీడీ ఇంజక్షన్, చివరిసారి వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ అవసరమవుతుంది.

మరి రేబిస్? ఇంట్లోనే పెరిగిన కుందేలు కాటుకు మామూలుగా ఆ టీకా అవసరం పడదు. మన జాతీయ మార్గదర్శకాలు కూడా అదే చెబుతాయి. అలాగని ఎవరికి వారు తేల్చేసుకోకూడదు. ఆ కుందేలును ఈ మధ్య ఏ కుక్కో ముంగిసో కరిచిందా, తీరు మారిందా, అడవిలో పట్టుకొచ్చినదా అన్నది డాక్టరుకు చెప్పాలి. అమెరికాలో ఆరుబయట గూళ్లలో ఉన్న పెంపుడు కుందేళ్లకు రకూన్ల వల్ల రేబిస్ సోకిన సందర్భాలున్నాయి. అరుదే గానీ, అసలు జరగదని కాదు.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. కుందేలు కొరికితే పరుగున వచ్చే ఇంట్లోనే, వీధి కుక్కపిల్ల పన్ను గీరుకుంటే ‘చిన్నదే కదా’ అని పసుపు అద్ది ఊరుకుంటారు. మన దేశంలో మనుషులకు రేబిస్ ప్రధానంగా వచ్చేది కుక్కల నుంచే. లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. రక్తం రాకుండా చర్మం మీద గీరుకున్నా టీకా కావాలి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు రావాలి. మూడోసారికే మానేసేవాళ్లు ఉంటారు. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో కూలి పోతుందని రారు. ఆ కష్టం నాకు తెలుసు. అయినా ఆ పూట కూలి పోతే పోయింది, రమ్మనే చెబుతాను.

కాటు కన్నా కుందేలు ద్వారా తరచూ వచ్చేది మరొకటి ఉంది, తామర. పిల్లలు దాన్ని హత్తుకునే చోట, అంటే ముంజేతుల మీద, మెడ మీద గుండ్రటి దురద మచ్చలు వస్తాయి. కుందేలు పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులతో దురద తగ్గుతుంది గానీ ఫంగస్ హాయిగా పాకుతుంది. పిల్లనూ కుందేలునూ ఒకేసారి చూపించాలి.

చివరగా చర్ల, దుమ్ముగూడెం, అశ్వారావుపేట వైపు చేలల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. షాపులో కొన్న తెల్ల కుందేలు వేరు, మన అడవిలో తిరిగే మెడ వెనక నల్లమచ్చ ఉన్న కుందేలు వేరు. మొదటిది మనుషుల మధ్య తరతరాలుగా పెరిగిన జాతి. దాని పిల్లలు బొరియలో వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. అడవి కుందేలు పిల్ల ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుట్టి, గడ్డి దుబ్బుల మధ్య ఒంటరిగా కదలకుండా పడుకుంటుంది. దాన్ని చూసి తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెస్తారు. తల్లి వదిలేయలేదు. పగలంతా దగ్గరుంటే శత్రువుకు ఆనవాలు చిక్కుతుందని దూరంగా ఉంటుంది. చీకటి పడ్డాక వచ్చి కాసేపు పాలిచ్చి వెళ్తుంది. ఇంటికి తెచ్చి ఆవుపాలు పోస్తే ఆ పిల్ల బతకడం కష్టం. బతికినా ఎన్నటికీ మచ్చిక కాదు, ఎత్తిన ప్రతిసారీ కరుస్తుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం, పెంచుకోవడం నేరం.

కాబట్టి కలుపు తీస్తున్నప్పుడు అలాంటి పిల్ల కనిపిస్తే ముట్టుకోకుండా ఆ చోటు వదిలి పక్క సాలుకు వెళ్లండి. వెంట వచ్చిన కుక్కను ఆ రోజుకు కట్టేయండి. గాయపడి ఉంటేనే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు కబురు చేయండి. అప్పటిదాకా దాని మీద ఒక బుట్ట బోర్లించి ఉంచితే చాలు, చేతుల్లోకి తీసుకోవద్దు.