శంకుస్థాపన ముందా, సంప్రదింపు ముందా?

అంగడిలో సరకును బండికెక్కించి, బండిని తోలించిన పిదప వెనుకకు తిరిగి "వెల యెంత?" యని యడుగుదానిని బేరమనువాడు లేడు. ప్రభుత్వమువా రదే పని చేసినచో దానికి ప్రజాసంప్రదింపని పేరు!

ముంబయి–అహమ్మదాబాదు అతివేగ రైలుమార్గపు తేదీలను చూడుడు. జపానుతో ఒడంబడిక 2015 డిసెంబరున. శంకుస్థాపన 2017 సెప్టెంబరు 14న. పాల్ఘరు జిల్లాలో అభిప్రాయసేకరణ సభలు 2018లో! 508 కిలోమీటర్ల మార్గము, సుమారు 1,08,000 కోట్ల రూపాయల అంచనా, అందు నూటికి 81 వంతులు జపాను ఋణము, ఇన్నియు నిశ్చయమైన పిమ్మట వార్లీ గిరిజనుని "నీ అభిప్రాయమేమి?" యని యడుగుట యే మర్యాద? అతడు వలదన్నచో మార్గము మరలునా?

పాల్ఘరులో చాల భాగము షెడ్యూల్డు ప్రాంతము. అట్టిచోట్ల భూసేకరణకు పూర్వమే గ్రామసభనుగాని, తగు స్థాయి పంచాయతినిగాని సంప్రదింపవలెనని 1996 నాటి చట్టము. 2013 నాటి భూసేకరణ చట్టము ఇంకొక యడుగు ముందుకు వేసి సమ్మతియే కావలెనన్నది. అక్కడి గ్రామసభలు పెక్కు వ్యతిరేక తీర్మానములు చేసినవి. అయినను 2024 జనవరిలో, మార్గమంతటికిని వలసిన 1,389 హెక్టారుల సేకరణ పూర్తియైనదని ప్రకటన వెలువడినది.

పరిహార మిచ్చితిమి గదా యందురు. ఇచ్చిరి, కాదనను. వెలకట్టుట నా వృత్తియే; కాని వెల అమ్మదలచిన వానికి గదా!

మనకేల ఈ గోల యనువారు మన సంఘములోనే కలరు. ముంబయి–హైదరాబాదు అతివేగ మార్గమొకటి పూణె, సోలాపురముల మీదుగా ప్రతిపాదింపబడి యున్నదని వారు మరువరాదు. నేను రైలునకు విరోధిని కాను. మన దుప్పట్లు, తువాళ్లు దేశము నలుమూలలకు పోయినది రైళ్లమీదనే. కాని రేపు తూర్పుభాగపు మగ్గాల వీథులలో కొలతగొలుసులు పరచినపుడు మన నేతగాని చేతికి ఏ భాషలో కాగితము వచ్చును? కేంద్రమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న యే భాషలోనైనను విన్నపము నిచ్చు హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము మనకొసగినది. సరియే, ప్రకటన తెలుగున రాకున్న దేనిని గూర్చి విన్నవింపవలెను?

కావున సంఘపు వచ్చు సమావేశమున ఇట్లు తీర్మానింప గోరుచున్నాను: మార్గరేఖ స్థిరపడక పూర్వమే పటమును, నష్టపోవు ఇండ్ల జాబితాను మరాఠీతోపాటు తెలుగునను వార్డు వార్డున ప్రకటింపవలెను, సభలో ప్రజలు పలికిన ప్రతి యాక్షేపణకును వ్రాతమూలకముగా సమాధాన మీయవలెను. పాల్ఘరు గ్రామసభల తీర్మానములకు ఏమి సమాధాన మిచ్చిరో కూడ ఆ పత్రముననే అడుగుదము.