లీసెస్టరు దిగ్బంధం: మంగలి షాపుకు తాళం, కుట్టు కార్ఖానాకు అనుమతి

కరోనా కాలంలో బ్రిటన్ పాలకుల వ్యవహారాలను గూర్చి పత్రికలు చాలా వ్రాశాయి. ప్రధాని కార్యాలయంలో జరిగిన విందులను గూర్చి వ్రాశాయి, విచారణలో మంత్రులు చెప్పిన సాక్ష్యాలను గూర్చి వ్రాశాయి. 2020 వేసవిలో ఇంగ్లండు పట్టణాలపై ఒక్కొక్కటిగా విధించిన స్థానిక లాక్‌డౌన్ నిబంధనలు మాత్రం ఆ కోలాహలంలో మరుగున పడ్డాయి. కార్మికోద్యమం వాటిని మరువరాదని మేము భావిస్తున్నాము. ఎవరిని ఇంట్లో కూర్చోబెట్టాలి, ఎవరిచేత పని చేయించాలి అనే ప్రశ్నకు ఒక ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఇచ్చిన సమాధానం ఆ నిబంధనలలో ఉన్నది.

మొదటి వేటు లీసెస్టరు నగరంపై పడింది. అక్కడ వారంలో లక్ష జనాభాకు 135 కేసులు నమోదయ్యాయనీ, తరువాతి స్థానంలోని నగరం కంటే ఇది మూడు రెట్లనీ 2020 జూన్ 29న ఆరోగ్యమంత్రి మాట్ హాన్‌కాక్ కామన్స్ సభలో ప్రకటించారు. మరునాటినుండి అత్యవసరం కాని దుకాణాలు, జూలై 2 నుండి చాలామంది విద్యార్థులకు బడులు మూతపడ్డాయి. జూలై 4న మిగిలిన ఇంగ్లండులో మద్యశాలలు, హోటళ్లు, క్షౌరశాలలు తెరచుకొన్నాయి. అదే రోజున లీసెస్టరుకు ప్రత్యేక నిబంధనలు అమలులోకి వచ్చాయి. 1984 నాటి ప్రజారోగ్య చట్టంలోని అత్యవసర అధికారం క్రింద మంత్రి సంతకంతో వెలువడినవి అవి. ముసాయిదాను పార్లమెంటు ముందు పెట్టనే లేదు, ఆమోదం వెనుకనుండి పొందితే చాలు. నగర మేయరు పీటర్ సోల్స్‌బీ అప్పటికి కొన్ని వారాలుగా ఒకే మాట అడుగుతున్నాడు: రోగులు ఏ వీధిలో ఉన్నారో మాకు చెప్పండి. పరీక్షా కేంద్రాలను ప్రైవేటు కంపెనీలకు అప్పగించిన ప్రభుత్వం ఆ వివరాలను నగరానికి సకాలంలో చేరవేయలేదు. లెక్కలు దాచి, ఆపై ఆ లెక్కలనే చూపి తలుపులు మూశారు.

ఏ తలుపులు మూశారో చూడండి. బట్టల దుకాణం మూశారు. మంగలి షాపు, సినిమాహాలు, కాఫీ హోటలు మూశారు. నిబంధనల జాబితాలో కర్మాగారం లేదు. దుకాణంలో బట్ట అమ్మరాదు; అదే నగరంలో, గాలి ఆడని పాత భవనపు మూడవ అంతస్తులో, భుజం భుజం తగిలేటట్లు మిషన్ల ముందు కూర్చుని ఆ బట్ట కుట్టవచ్చు. అమ్మకం ఆన్‌లైనులో సాగుతుంది గనుక యజమానికి నష్టం లేదు. మార్చిలో దేశమంతా మూసినపుడు సైతం కర్మాగారాలకు ఇటువంటి నిషేధం పెట్టలేదు.

లీసెస్టరులో కుట్టుపని చేసేది ఎవరు? ఎక్కువ భాగం మన ఉపఖండంనుండి వెళ్లినవారు, తూర్పు యూరపువారు, అందులో స్త్రీలు అధికం. వందలాది చిన్న కార్ఖానాలలో వీరు పని చేసేవారు. పెద్ద కంపెనీ ఆర్డరు ఇస్తుంది, దానిని తీసుకొన్నవాడు మరొకడికి, వాడు ఇంకొకడికి సబ్ కాంట్రాక్టుగా అప్పగిస్తాడు. చివరన మిషను తొక్కే స్త్రీకి చేరేసరికి మిగిలేది చిల్లర. లీసెస్టరు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లోనే ఈ సంగతి వ్రాశారు: అధికసంఖ్యాకులకు కనీస వేతనం అందడం లేదనీ, గంటకు మూడు పౌండ్ల వరకే దక్కుతున్నదనీ. 2020 జూలైలో పత్రికలు బయటపెట్టిన రేటు 3 పౌండ్ల 50 పెన్నీలు. అప్పటి చట్టబద్ధ వేతనం, 25 ఏండ్లు నిండినవారికి, 8 పౌండ్ల 72 పెన్నీలు. ఐదేండ్లలో అర పౌండు పెరిగింది!

లాక్‌డౌన్ కాలంలో సైతం కార్ఖానాలు నడిచాయనీ, జబ్బుపడినవారిని కూడ పనికి రమ్మన్నారనీ లేబర్ బిహైండ్ ది లేబుల్ సంస్థ 2020 జూన్‌లోనే ఆరోపించింది. ఈ నగరంనుండి విస్తారంగా సరుకు కొన్న బూహూ కంపెనీ తానే నియమించుకొన్న న్యాయవాది అలిసన్ లెవిట్, తక్కువ వేతనాలు, దుర్భర పరిస్థితులను గూర్చిన ఆరోపణలు చాలావరకు నిజమేనని ఆ సెప్టెంబరులో తేల్చారు. కంపెనీ స్వయంగా నేరం చేయలేదని కూడ అదే నివేదిక అన్నది. సబ్ కాంట్రాక్టు పద్ధతి ఉన్నదే అందుకు.

ఇక జబ్బు సెలవు సంగతి. ఆ సంవత్సరం బ్రిటన్‌లో చట్టబద్ధమైన అనారోగ్య వేతనం వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు. కనీస వేతనంపై 40 గంటలు పని చేసినవారికి వచ్చే 348 పౌండ్లలో నాల్గవ వంతుకు కొంచెం పైన. అదైనా వారానికి సగటున 120 పౌండ్లు సంపాదించేవారికే. గంటకు 3 పౌండ్ల 50 చొప్పున 30 గంటలు కుట్టిన స్త్రీకి చేతికి వచ్చేది 105 పౌండ్లు. అంటే యజమాని ఆమె వేతనాన్ని దొంగిలించడమే ఆమెకు జబ్బు సెలవు లేకుండా చేస్తుంది. దేశంలో దాదాపు ఇరవై లక్షలమంది ఈ హద్దుకు దిగువన ఉన్నారని బ్రిటిష్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మొత్తుకొన్నది. ఆ సొమ్ముపై తాను బ్రతకగలడా అని మార్చిలో టెలివిజనులో అడిగితే బ్రతకలేనని చెప్పిన వ్యక్తి సాక్షాత్తు ఆరోగ్యమంత్రిగారే. సెప్టెంబరు 1న బ్లాక్‌బర్న్, పెండిల్, ఓల్డ్‌హామ్ ప్రాంతాలలో పేద కార్మికులకు ఇంట్లో ఉన్నందుకు రోజుకు 13 పౌండ్లు ప్రయోగాత్మకంగా ఇచ్చారు. సెప్టెంబరు 28 నుండి 500 పౌండ్ల సహాయం, దానితోపాటు ఇంట్లో ఉండనివారికి 1,000 నుండి 10,000 పౌండ్ల వరకు జరిమానా. సహాయం ఎంత, శిక్ష ఎంత అన్న నిష్పత్తి పాఠకులు గమనించగలరు.

జూలై 30 రాత్రి, బక్రీదుకు కొన్ని గంటల ముందు, గ్రేటర్ మాంచెస్టరు, తూర్పు లాంకషైరు, పశ్చిమ యార్క్‌షైరు ప్రాంతాలలో ఒక ఇంటివారు మరొక ఇంటివారిని లోపల కలువరాదని మంత్రి ట్విట్టరు ద్వారా తెలియజేశారు. పండుగకు వండుకొన్న అన్నం పొయ్యి మీదనే ఉండిపోయింది. మర్నాడు అధికారపక్ష సభ్యుడొకడు, నల్లజాతి, ఆసియా సమాజాలే జబ్బును లెక్కచేయడం లేదని రేడియోలో సెలవిచ్చాడు. బస్సు నడిపేవారు, ఆసుపత్రి ఊడ్చేవారు, టాక్సీ తోలేవారు, పదిమంది ఒక కొంపలో అద్దెకు ఉండేవారు ఇంట్లో కూర్చుని పని చేయలేరన్న సంగతి ఆయనకు తెలియదనుకోలేము.

కాని అన్నిటికంటే నగ్నమైన లెక్క అక్టోబరులో బయటపడింది. ఆంక్షలవల్ల మూతపడిన సంస్థల కార్మికులకు వేతనంలో మూడింట రెండు వంతులు ఇస్తామని ఆర్థికమంత్రి రిషి సునాక్ ప్రకటించారు. మార్చినుండి ఫర్లో పథకం క్రింద 80 శాతం ముట్టేది. కనీస వేతనంపై బ్రతికేవానికి మూడింట ఒక వంతు కోసేస్తే అద్దె చెల్లదని మాంచెస్టరు మేయరు ఆండీ బర్న్‌హామ్ అడ్డం తిరిగాడు, 6.5 కోట్ల పౌండ్లు కోరాడు. ప్రభుత్వం 6 కోట్ల వద్ద ఆగింది. అర కోటి పౌండ్ల తేడాపై అక్టోబరు 20న చర్చలు తెగిపోయాయి, మూడు రోజులకు అత్యంత కఠినమైన మూడవ అంచె ఆంక్షలు ఆ ప్రాంతంపై పడ్డాయి. అక్టోబరు 31న ప్రధాని బోరిస్ జాన్సన్ లండనుతో సహా ఇంగ్లండునంతా మూస్తున్నట్లు ప్రకటించారు. ఆ రోజుననే ఫర్లో కొనసాగింది, 80 శాతం తిరిగి వచ్చింది. ఉత్తరాది కార్మికుని కడుపుకు 67, లండను మూతపడితే 80! ఖజానాలో డబ్బు లేదన్న మాట ఆ సాయంత్రంతో అబద్ధమని తేలింది.

మమ్ములను అపార్థం చేసుకొనేవారు రెండు వైపులా ఉన్నారు. స్వేచ్ఛ పేరిట ఆంక్షలన్నిటినీ వ్యతిరేకించిన మద్యశాలల యజమానులతో, వారి పత్రికలతో మాకు పొత్తు లేదు. వారు కోరిన స్వేచ్ఛ కార్మికుని రోగగ్రస్తుని చేసే స్వేచ్ఛ. అంటువ్యాధిని ఆపాలంటే జనం కొంతకాలం కదలకుండా ఉండవలసిందే. అలాగని, ఆపత్కాలంలో కార్మికసంఘాలు వేతనాల మాట ఎత్తరాదన్న పెద్దమనుషుల హితవును కూడ మేము అంగీకరించము. వేతనం లేనిదే మనిషి ఇంట్లో ఉండలేడు. ఉండలేనివాడు దగ్గుకొంటూ పనికి పోతాడు. పూర్తి వేతనంతో కూడిన సెలవు అంటువ్యాధి నివారణలో మొదటి మందు. కార్యాలయ భద్రతను చూచే తనిఖీ సంస్థకు 2010 తరువాత పదేండ్లలో ప్రభుత్వ నిధులను దాదాపు సగానికి కోసిన వారికి, వీధులలో జరిమానాలు వేయడానికి మాత్రం పోలీసులు దొరికారు.

బ్రిటిష్ యూనియన్లను గూర్చి కూడ ఒక మాట చెప్పాలి. లీసెస్టరులోనే 1974లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ ఆసియా కార్మికులు బోనసు విషయమై సమ్మె చేసినపుడు వారి యూనియను స్థానిక నాయకత్వం వారికి వెన్ను చూపింది. ఉగాండానుండి వెళ్లగొట్టబడినవారిని మా ఊరికి రావద్దని 1972లో అక్కడి పత్రికలో ప్రకటన వేయించిన నగరపాలక సంస్థ కూడ ఇదే. సంఘం చేరని చోట సబ్ కాంట్రాక్టరు చేరాడు. మన ఒప్పంద కార్మికుల విషయంలో మన సంఘాలు ఎంత దూరం వెళ్లాయో మనం వేసుకోవలసిన ప్రశ్న. మన దేశంలో 2020 మార్చి 29న లాక్‌డౌన్ కాలపు వేతనం కోత లేకుండా ఇవ్వాలని కేంద్ర హోంశాఖ ఆదేశించి, యాజమాన్యాలు కోర్టుకెక్కగా మే 17న దానిని ఎత్తివేసింది. ఏడు వారాల ఆదేశం.

అనారోగ్య వేతనానికి అడ్డుగా ఉన్న ఆదాయ హద్దును తొలగించే ఉద్యోగ హక్కుల చట్టం బ్రిటన్‌లో 2025 డిసెంబరులో వచ్చింది. లీసెస్టరు మూతపడిన నాటికి ఐదున్నర ఏండ్ల తరువాత. ఈ లోగా ఆర్డర్లు చౌకగా కుట్టే ఇతర దేశాలకు తరలిపోయి, ఆ నగరపు కార్ఖానాలు చాలావరకు మూతపడ్డాయి. వాటిని మూయడానికి ఏ నిబంధనా అవసరం రాలేదు.