అన్వేషకుని సంచిలో ఏముండవలెను?

విహారయాత్ర అనగానే ఒక బస్సు, బిర్యానీ డేగిసా, తిరుగు ప్రయాణంలో ఒక సామూహిక ఛాయాచిత్రం మన విద్యార్థులకు గుర్తుకు రావటం చాలకాలంగా ఉన్న ఆచారం. ఈ సంవత్సరం కొందరు మిత్రులు ఇందుకు భిన్నమైన విహారాన్ని ప్రతిపాదించారు. అక్షాంశ రేఖాంశాలను మాత్రమే ఆధారం చేసికొని, ఎక్కడో దాచబడిన ఒక చిన్న పెట్టెను వెదకి పట్టుకొనటం, అందులోని పుస్తకంలో సంతకం చేసి పెట్టెను యథాస్థానంలో ఉంచి రావటం ఇందలి క్రీడ. దీనిని జియోక్యాషింగ్ అంటారు. తెలుగులో నిక్షేపాన్వేషణ అనవచ్చునేమో. ప్రతిపాదనతో పాటు కమిటీ పెద్దలకు ఒక వస్తువుల జాబితా కూడా చేరినది: చేత పట్టుకొనే ఉపగ్రహ స్థాననిర్ణయ యంత్రాలు నాలుగు, ఒక డ్రోన్, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం ఒకటి, దాచటానికి ఇనుప పెట్టెలు పన్నెండు. ఆ పత్రాన్ని చదివిన మాకు క్రీడపై గౌరవం పెరిగినది గాని, జాబితాపై పెరగలేదు. అందుకు కారణాలను విద్యార్థి లోకం ముందూ, కమిటీ వారి ముందూ ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ క్రీడ పుట్టి ఎంతో కాలం కాలేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను అమెరికా ప్రభుత్వం పౌరులకు బుద్ధిపూర్వకంగా కొంత కల్తీ చేసి ఇచ్చేది. అందువలన సామాన్యుని యంత్రం దాదాపు 100 మీటర్ల వరకు పొరబడేది. అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో 2000 మే మొదటి వారంలో ఆ కల్తీ ఆగిపోయినది. వెంటనే, మే 3వ తేదీన, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ సమీపాన ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్టును కొంత మేర పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. కొన్ని పుస్తకాలు, ఒక పంగలకర్ర, ఒక చిక్కుడు గింజల డబ్బా అందులో ఉన్నవి. వస్తువుల ఎంపికను బట్టి చూస్తే ఆయన మన పల్లెటూరి పిల్లవానికి బంధువే అనిపిస్తుంది.

ఇక యంత్రాల సంగతి. ఆనాడు ఉపగ్రహ యంత్రం చేతిలో లేనిదే ఈ క్రీడ లేదు. నేడు మన విద్యార్థులలో అనేకుల జేబులో ఉన్న ఫోను ఆ పనిని చేస్తున్నది. ఆరుబయట, నిర్మలాకాశం క్రింద, అది సుమారు 5 మీటర్ల లోపల మన స్థానాన్ని చెప్పగలదు. సిమ్ కార్డు లేకున్నా, సంకేతాల గోపురం దరిదాపుల లేకున్నా ఉపగ్రహాల మాటను అది వినగలదు. పటాన్ని మాత్రం ముందుగా అందులో నింపుకొనవలెను. వేలు పోసి కొనే ప్రత్యేక యంత్రం వర్షానికి తడిసినా చెడదు, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ రెండు సుగుణాలను కాదనజాలము. కాని గన్నవరం నుండి ఉదయం బయలుదేరి అసరు వేళకు తిరిగి వచ్చేవారికి ఒక ప్లాస్టిక్ సంచీ, ఒక పవర్ బ్యాంకు ఆ లోటును తీర్చగలవు.

నిజమైన లోటు మరొకచోట ఉన్నది. మన గన్నవరం విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 32 నిమిషాలు, తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 48 నిమిషాల దాపున ఉన్నది. ఈ అంకెలను ఎవరైనా తొందరపాటున 16.32, 80.48 అని దశాంశాలుగా ఫోనులో వ్రాసినారనుకొనండి. డిగ్రీకి నిమిషాలు 60 గాని 100 కావు గనుక, ఆ ఫోను వారిని కృష్ణానది దాటించి, సుమారు 40 కిలోమీటర్ల అవతల గుంటూరు పొలిమేరలలో నిలబెడుతుంది. యంత్రం ఎంత ఖరీదైనదైతే అంత నమ్మకంగా నిలబెడుతుంది! అక్షాంశంలో ఒక నిమిషం 1.85 కిలోమీటర్లు, దానిలో వెయ్యవ వంతు రెండు మీటర్ల కంటె తక్కువ. ఈ లెక్క నోటికి వచ్చిన విద్యార్థికి పాత ఫోనైనా చాలును. ఈ సంచికలోని ఉర్దూ విభాగం చదివే మిత్రులు అక్షాంశాన్ని అర్జ్ బలద్ అనీ, రేఖాంశాన్ని తూల్ బలద్ అనీ అంటారు. రెండు భాషలలోనూ ఈ మాటలు పరీక్ష కాగితం దాటి పొలం గట్టుకు రాలేదన్నదే మా విచారం.

పరికరాన్ని కొనటం వేరు, దానిని ఎరిగి ఉండటం వేరు. దక్షిణ భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలవటానికి 1802లో మద్రాసు వద్ద పని ఆరంభించిన విలియం లాంబ్టన్ వెంట అర టన్ను బరువుగల థియొడొలైట్ యంత్రం ఉండేది. 1808లో తంజావూరు ఆలయ గోపురంపైకి దానిని ఎక్కిస్తుండగా త్రాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని వంగిపోయినది. ఆయన గుడారంలో తలుపు మూసికొని వారాల తరబడి శ్రమించి, దానిని స్వయంగా సరిదిద్దుకొన్నాడు. ఆ తరువాతి కాలంలో, జార్జి ఎవరెస్టు అధిపతిగా ఉన్నప్పుడు, ఇంగ్లండు నుండి వచ్చిన పరికర నిర్మాత హెన్రీ బారో వెళ్ళిపోగా ఆ పనికి నిలిచినవాడు ఆర్కాటు వాస్తవ్యుడైన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్. సూక్ష్మమైన కోణాలను చూపే వలయాలను సరిచేయగల ఆయన నైపుణ్యాన్ని ఎవరెస్టు స్వయంగా కొనియాడి, ఆయన కొరకు సిఫారసు చేశాడు. 1843లో ఆయన సర్వే శాఖకు గణిత పరికర నిర్మాతగా నియమితుడైనాడు. హిమాలయ శిఖరానికి ఎవరెస్టు పేరు నిలిచినది. మొహసిన్ హుస్సేన్ పేరు మన పాఠ్యపుస్తకాలలో మాకు కనిపించలేదు. నాలుగు యంత్రాలు కొనటానికి ముందు, ఉన్న ఒక్క దిక్సూచిని విప్పి తిరిగి బిగించగల విద్యార్థులు ఇద్దరు మన భౌతికశాస్త్ర శాఖలో తయారు కావటం మేలని మేము ఎందుకు అంటున్నామో దీనివలన తెలియగలదు.

జాబితాలోని మిగిలిన వస్తువులలో రెండింటిని చట్టమే కొట్టివేస్తున్నది. విమానాశ్రయం ప్రక్కన ఉన్న మనము అనుమతి లేనిదే డ్రోన్ ఎగురవేయరాదు; ఈ విషయంలో చర్చ అనవసరం. ఉపగ్రహ సందేశ పరికరం సంగతి అంతగా తెలిసినది కాదు. జీపీఎస్ యంత్రం సంకేతాలను వింటుందేగాని పంపదు. కనుక దానికి ఆటంకం లేదు. సందేశాలను పంపే పరికరం వేరు. మన దేశంలో లైసెన్సు లేకుండ దానిని దగ్గర ఉంచుకొనటమే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇట్టి పరికరం సంచిలో ఉన్నందుకు విదేశీ యాత్రికులు నిర్బంధానికి గురైనారు. విదేశీయునికి రాయబార కార్యాలయం ఉన్నది. మన విద్యార్థికి ఉన్నది తండ్రి, ఆయనకు తెలిసిన ఒక వకీలు.

ఇక పెట్టెలు. పాశ్చాత్య దేశాలలో పాత సైనిక మందుగుండు పెట్టెలను ఈ క్రీడకు విరివిగా వాడుతారు. గట్టివి, నీరు చొరదు. అటువంటి పెట్టె ఒకటి ఏలూరు కాలువ వంతెన క్రింద, లేదా రైలుకట్ట ప్రక్కన, ఒక పశువుల కాపరికి కనిపించినట్లు ఊహించండి. ఇంగ్లండులోనే, 2011 జూలైలో వెదర్బీ అనే పట్టణంలో, ఒక కాఫీ హోటలు ముందర దాచిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను చూచి బాంబు అనుకొని వీధిని ఖాళీ చేయించి, సైన్యం దానిని పేల్చివేసినది. అక్కడ అది మరునాటి పత్రికలకు వినోదమైనది. ఇక్కడ పెట్టెతో పాటు దాచినవారి పేరు కూడా బయటికి వస్తుంది. ఆ పేరు వినగానే ప్రశ్నలు మరి రెండు పెరుగుతాయని మన తల్లిదండ్రులకు తెలుసు. కుమారునికీ, అంతకంటె ఎక్కువగా కుమార్తెకూ, అనుమతి ఇవ్వటానికి వారు వెనుకాడేది పాముల భయంతో మాత్రమే కాదు. దీనిని దాచి వ్రాయవలసిన అవసరం మాకు కనబడలేదు. అనుమానించటం తప్పా, అనుమానానికి తావీయటం తప్పా అన్న వాదం వేరొక వ్యాసానికి తగినది. పద్దెనిమిదేండ్ల విద్యార్థి భవిష్యత్తును పణంగా పెట్టి ఆ వాదాన్ని వంతెన క్రింద తేల్చుకొనే హక్కు కళాశాలకు లేదు.

అందువలన మేము సూచించే మొదటి పరికరం ఒక కాగితం. ప్రిన్సిపాల్ గారి సంతకం, కళాశాల ముద్ర కలిగి, వచ్చిన వారి పేర్లు, పోవు చోటు, తిరిగి వచ్చు వేళ తెలుగులో స్పష్టంగా వ్రాసిన పత్రం. దాని నకలు ఒకటి ముందురోజే ఆ గ్రామ పంచాయతీకీ, పోలీసు ఠాణాకూ చేరవలెను. ఇది ఏ దుకాణంలోనూ దొరకదు, ఖరీదు లేదు, బ్యాటరీ అక్కరలేదు. గట్టు మీద ఎదురుపడిన రైతుకు దీనిని చూపి “అన్నా, మేము ఫలానా కళాశాల వారము” అని చెప్పి, ఆయన పొలంలోకి ఆయన అనుమతితోనే అడుగు పెట్టటం కూడా క్రీడలో భాగం కావలెను.

పెట్టె లేకుండ ఈ క్రీడ రక్తి కట్టదని మిత్రులు అనవచ్చు. కడుతుంది. 2004 నుండి అమెరికా భూగర్భశాస్త్ర సంఘం సహకారంతో నడుస్తున్న ఎర్త్‌క్యాష్ అనే శాఖలో దాచేది ఏదీ ఉండదు. చెప్పిన స్థానానికి పోయి, అక్కడి రాయినీ మట్టినీ నీటినీ పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు సమాధానం వ్రాయటమే అన్వేషణ. మన చుట్టూ దీనికి వస్తువు కొల్లలుగా ఉన్నది. కొండపల్లి గుట్టలు బొమ్మల కర్రకు లోకప్రసిద్ధములు; క్రోమైటు ఖనిజం వలన అవి భూగర్భ శాస్త్రజ్ఞులకూ పరిచితములే. ఉండవల్లిలో కొండను లోనికి తొలిచిన నాలుగు అంతస్తులున్నవి. గన్నవరం దాపుననే బ్రహ్మయ్యలింగం చెరువు ఉన్నది. దాని కట్టమీద నిలబడి, వాన నీరు ఏ దిక్కునుండి వచ్చి ఏ దిక్కుకు పోవునో పటం మీద గుర్తించటానికి ఒక పూట చాలదు.

అన్నింటికంటె ముఖ్యమైన పాఠం బుడమేరు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినవి. ఆహార పొట్లాలను డ్రోన్లతో చేరవేయవలసి వచ్చినది. వీధి పేర్ల పలకలు, దుకాణాల బోర్డులు, మలుపులోని బడ్డీ కొట్టు నీటిలో ఉన్నప్పుడు “వేపచెట్టు ప్రక్క సందులో మూడవ ఇల్లు” అనే చిరునామా పడవవానికి ఏ మాత్రం ఉపయోగపడదు. తాను నిలబడిన మిద్దె అక్షాంశ రేఖాంశాలను తప్పు లేకుండ చదివి, ఒక చిన్న సందేశంగా పంపగల విద్యార్థి ఆ వీధికంతటికీ చిరునామా కాగలడు. విహారం పేరుతో ఈ విద్య అలవడేటట్లయితే కమిటీ వారు ఖర్చుకు వెనుకాడనవసరం లేదు. అది పెద్ద ఖర్చు కూడా కాదు.

ఏమేమి కొనవలెనో కూడా చెప్పెదము. మంచి దిక్సూచులు నాలుగు. ఉర్దూలో వీటిని కుతుబ్‌నుమా అంటారు, ధ్రువాన్ని చూపునది అని అర్థం. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ, నిజమైన ఉత్తరానికీ భేదం అత్యల్పం గనుక నేర్చుకొనేవారికి ఇబ్బంది లేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు చొప్పున చెరువులు, కాలువలు, కట్టలు అందులో కనిపిస్తాయి. టార్చిలైట్లు, చేతికర్రలు. రాతి సందులో చేయి పెట్టటానికి ముందు కర్రతో తట్టటం అన్వేషకుని మొదటి నియమం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఈ డెల్టా వాసులే. చీలమండ కప్పే బూట్లు ఎవరి కొలతకు వారివే కావలెను గనుక కళాశాల కొనలేదు. కాని చెప్పులతో వచ్చిన వారిని గట్టు దిగనీయరాదు. పాము కరచినచో గాటు పెట్టటం, గట్టిగా కట్టు కట్టటం చేయక, కదలనీయకుండ 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చవలెను. ఈ సంగతి ప్రథమ చికిత్స పెట్టె మూతపై పెద్ద అక్షరాలతో వ్రాయించవలెను. 1819లో ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలు తీస్తుండగా ఆయనా, ఆయన మనుష్యులలో అధికులూ జ్వరపడి హైదరాబాదు చేరవలసి వచ్చినది. దోమను థియొడొలైట్ ఆపలేదు. పెన్నులకు బదులు పెన్సిళ్ళు కొనవలెను. కార్తె వానలో తడిసిన కాగితం మీద సిరా అలుకుకొనిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది. త్రాగునీరు ఎవరిది వారు తెచ్చుకొందురు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకే ఈ యాత్రలు జరగవలెను.

ఈ సామగ్రి ఏ సంఘానికో, ఏ నలుగురు మిత్రులకో చెందినది కాక, గ్రంథాలయ పుస్తకం వలె సంతకం చేసి తీసికొని, సంతకం చేసి అప్పగించేదిగా ఉండవలెనని మా అభిప్రాయం. ఫోను లేని విద్యార్థికి దిక్సూచి, పటం మొదట ఇవ్వవలెను. విద్యార్థినుల బృందాలకు వేరుగా శనివారాలు కేటాయించి, ఒక అధ్యాపకురాలు వెంట ఉండే ఏర్పాటు చేసినచో తల్లిదండ్రులు కాదనరని నమ్ముచున్నాము. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ఇనుప బీరువాలో క్రింది అర చాలకాలంగా ఖాళీగా ఉన్నది, అది సరిపోతుంది. తాళంచెవి మాత్రం గ్రంథాలయాధికారి వద్ద ఉండుట మంచిది.