తాళంచెవి ఎవరిది?

ఈ మధ్య ఒక కథ రాస్తూ చిక్కులో పడ్డాను. కథలో అమ్మాయికి ఒక మోటారు సైకిలు కావాల్సి వచ్చింది. ఊళ్ళో తిరిగే బండి కాదు, సామాను పెట్టెలు కట్టుకుని దేశాలు దాటే బండి. పెళ్ళికి ముందు తన డబ్బుతో కొనుక్కుని, పిల్లలు కాలేజీకొచ్చినా అమ్మకుండా అట్టేపెట్టుకున్న బండి. ఆలోచన బాగానే ఉంది. రాద్దామని కూర్చుంటే కలం ముందుకు సాగలేదు. నేనూ రోజూ గేర్లు లేని స్కూటరు నడుపుతాను. మీట నొక్కి స్టార్టు చేయడం, పెట్రోలు పోయించడం, మొరాయిస్తే మావారికి ఫోను చేయడం. నాకు వచ్చిన బండి విద్య అంతే. పాతికేళ్ళు ఒకే బండితో కాపురం చేసిన మనిషి మనసు నాకెలా తెలుస్తుంది?

సరేనని కథ పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను. అలా పరిచయమైంది ఇటలీ వాళ్ళ మోటో గుట్సి.

ఇటలీ ఉత్తరాన కోమో అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డున కొండల కింద మాండెల్లో డెల్ లారియో అనే చిన్న ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన దళంలో పనిచేసిన ముగ్గురు స్నేహితులు, యుద్ధం అయ్యాక మోటారు సైకిళ్ళు తయారుచేద్దామని అనుకున్నారట. ఒకరు మెకానిక్కు, ఇద్దరు పైలట్లు. వారిలో జొవాన్ని రవెల్లి అనే పైలట్ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే విమాన ప్రమాదంలో పోయాడు. మిగిలిన ఇద్దరూ, కార్లో గుట్సి, జార్జో పరోడి, 1921లో ఆ ఊళ్ళోనే కార్ఖానా పెట్టారు. ఆ బండ్ల మీద ఈనాటికీ కనిపించే గద్ద బొమ్మ పోయిన స్నేహితుడి గుర్తు. వందేళ్ళు దాటినా కార్ఖానా ఊరు మారలేదు.

దూర ప్రయాణాలు ఆ ఇంట్లో మొదటినుంచీ ఉన్నవే. 1928లో కార్లో అన్నదమ్ముడు జుసెప్పె గుట్సి, వెనక చక్రానికి కూడా స్ప్రింగులు అమర్చిన బండి వేసుకుని ఇటలీ నుంచి నార్వే ఉత్తరాన ఉండే మంచు ప్రాంతాల దాకా వెళ్ళాడు. వెనక స్ప్రింగులుంటే బండి నిలకడగా నడవదని అప్పట్లో చాలామంది అనుమానం. ఆయన వాదన పెట్టుకోలేదు, వెళ్ళొచ్చి చూపించాడు. ఇటాలియన్ భాషలో నార్వేకి 'నోర్వేజా' అనే పేరున్నా, ఆ దేశం వాళ్ళ మాటనే తీసుకుని బండికి 'నోర్గె' అని పేరు పెట్టారు. 2006లో వచ్చిన ఒక టూరింగు బండికి మళ్ళీ అదే పేరు పెట్టుకున్నారు.

1960లలో వచ్చిన 'వి-7' తో ఈ బండ్ల అసలు రూపం స్థిరపడింది. రెండు సిలిండర్లు బండికి చెరోవైపు, చేతులు చాపినట్టు బయటికి వచ్చి ఉంటాయి. వెనక చక్రాన్ని తిప్పడానికి గొలుసు ఉండదు, కార్లలో లాగా ఇనుప కడ్డీ ఉంటుంది. గొలుసుకి నూనె రాయడం, సాగితే బిగించడం అనే బెడద లేదు. దూరాలు వెళ్ళేవాళ్ళకి అది ఎంత ఉపకారమో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా అమ్మేటప్పుడు చెప్పే గొప్పలు. నాకు కావలసింది పాతికేళ్ళ తర్వాత మాట. అక్కడే అసలు సంగతులున్నాయి.

ఆ బండి ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటరు తిప్పితే మొత్తం బండి కుడివైపుకి ఒరుగుతుంది. లోపలి ఇంజను తిరిగే తీరు వల్ల వచ్చిన అలవాటది. కొత్తవాళ్ళు బెదిరిపోతారు. పాతవాళ్ళకి అది లోపంగా కూడా కనపడదు. సిలిండర్లు బయటికే ఉండటం వల్ల మూతలు చేతికందుతాయి. ఓపికున్నవాళ్ళు సెలవు రోజున ఇంటి ముందే బోల్టులు విప్పి, కాగితమంత పల్చటి రేకు లోపల దూర్చి వాల్వుల ఖాళీని సరిచేసుకుంటారు. ఇంకో సంగతి. 1970లలో వచ్చిన కొన్ని మోడళ్ళకి సిలిండరు లోపలి గోడకి క్రోమియం పూత వేశారు. ఏళ్ళు గడిచాక ఆ పూత పొరలుగా ఊడేది. తర్వాత కంపెనీ నికెల్‌తో చేసే వేరే పూతకి మారింది. కొత్తలో నిగనిగలాడిన బండి లోపల ఏముందో పదేళ్ళు పోతేగాని బయటపడలేదన్నమాట. ఎన్నేళ్ళకో బయటపడే లోపాలు, వాటికి సర్దుబాట్లు, ఇవి మనకి కొత్త కాదు కదా!

మరో విచిత్రం ఉంది. ఎక్కువగా నడిపిన బండికంటే కదలకుండా నిలబెట్టిన బండే తొందరగా పాడవుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు జిగురు కడుతుంది. రబ్బరు గొట్టాలు పగుళ్ళిస్తాయి. బీరువాలో దాచిన పట్టుచీర మడతలు మార్చకపోతే ఆ మడతల దగ్గరే చిరుగుతుందే, అలాగ. వస్తువు నిలవాలంటే వాడాలి, వాడుతూ కనిపెట్టుకుని ఉండాలి.

ఇదంతా చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఇటలీ బండికీ తెనాలిలో ఉన్న మా అమ్మకీ ఏమిటి సంబంధం అంటారా? చుట్టరికం నిజంగానే ఉంది.

మా నాన్నగారిది బజాజ్ చేతక్. 1986లో, నేను పుట్టకముందే మా ఇంటికొచ్చింది. ఆ చేతక్ అసలు పుట్టిల్లు ఇటలీయే. 1946లో పియాజియో కంపెనీ తెచ్చిన వెస్పాని మన దేశంలో మొదట లైసెన్సు మీద తయారుచేసిన బజాజ్ వాళ్ళు, 1972లో దాదాపు అదే అచ్చులో చేతక్ తెచ్చారు. ఇక 2004 నుంచి మోటో గుట్సి కూడా ఆ పియాజియో చేతికిందకే వచ్చింది. అంటే మా వరండాలో నిలబడ్డ స్కూటరుకి ఆ సరస్సు ఒడ్డు బండి వేలువిడిచిన చుట్టం అవుతుంది!

ఆ స్కూటరుకీ ఒరిగే అలవాటుంది. పొద్దున్నే నాన్నగారు దాన్ని ఒక పక్కకి బాగా వంచి, నిలబెట్టి, కిక్కు కొడితేగాని స్టార్టు అయ్యేది కాదు. సాయంత్రం వీధి మలుపులో చప్పుడు వినగానే అమ్మ స్టవ్వు మీద కాఫీకి పాలు పెట్టేది. ఆ చప్పుడులో తేడా కూడా ఆవిడే ముందు కనిపెట్టేది. "ఏమండీ, ఇవాళ బండి గొంతు బొంగురుగా ఉంది, ప్లగ్గు చూపించండి" అనేది. నాన్నగారు నవ్వేసేవారు. రెండు రోజుల తర్వాత బండి దారిలో ఆగిపోయేది.

అమ్మకో లెక్కల పుస్తకం ఉంది. ముందు వైపు నుంచి పాలు, చాకలి, చీటీ. వెనక వైపు నుంచి స్కూటరు. క్లచ్ వైరు ఎప్పుడు వేయించారు, టైరు ఎప్పుడు మార్చారు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, అన్నీ తారీఖులతో సహా రాసేది. పుస్తకం నిండితే ఇంకో పుస్తకం. ముప్ఫై మూడేళ్ళు రాసింది. అన్నేళ్ళలోనూ ఆవిడ ఒక్కసారి కూడా ముందు సీట్లో కూర్చోలేదు.

2019లో నాన్నగారు పోయారు. కార్యక్రమాలయ్యాక చుట్టాల్లో ఒకాయన స్కూటరు ఎవరికైనా ఇచ్చేద్దామని మెకానిక్కుని తీసుకొచ్చారు. అతను ఇంజను పని ఎప్పుడు చేయించారని అడిగాడు. "ఆవిడకేం తెలుస్తుందిలేవయ్యా, నువ్వే చూసి చెప్పు" అన్నారు ఈయన. అమ్మ మాట్లాడకుండా లోపలికెళ్ళి పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. ఏ సంవత్సరం పిస్టను మార్చారో, ఎంతయిందో చదివింది. మెకానిక్కు కాసేపు ఆ పేజీలు తిరగేసి, "అమ్మగారూ, ఈ బండికి అసలు ఓనరు మీరేనండీ" అన్నాడు.

మాట బాగుంది. కాగితం మాత్రం అలా అనలేదు. ఆర్.సి. నాన్నగారి పేరున ఉంది. దాన్ని అమ్మ పేరుకి మార్చడానికి వారసుల కాగితాలనీ, మా అందరి సంతకాలనీ నెలల తరబడి తిరిగాం. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది అమ్మ. ఇన్నేళ్ళూ బండిని కనిపెట్టుకున్నది తానే అయినా, తనదని రుజువు చేసుకోవాల్సింది కూడా తానే అయింది.

ఆడదాని చేతిలో బండి ఉందంటే లోకం అంత తేలిగ్గా నమ్మదు. ఈ దేశం, ఆ దేశం అని లేదు. ఫ్రాన్సులో ఆన్ ఫ్రాన్స్ దోత్‌విల్ అనే ఆవిడ ఉన్నారు. ప్రకటనలకి మాటలు రాసే ఉద్యోగం చేసేవారు. 1972లో ప్యారిస్ నుంచి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వరకు జరిగిన మోటారు సైకిళ్ళ యాత్రలో 750 సి.సి. మోటో గుట్సి మీద వెళ్ళారు. అంతమంది మగవాళ్ళలో ఆవిడొక్కరే ఆడమనిషి. తిరిగొచ్చాక ఏమన్నారో తెలుసా? ఆవిడ బండి నడపలేదు, లారీలో వెళ్ళిందని పుకార్లు పుట్టించారు. ఆవిడ మాటకి మాట చెప్పి ఊరుకోలేదు. 1973లో చిన్న కవాసాకి బండి తీసుకుని ఒంటరిగా ప్రపంచం చుట్టూ బయల్దేరారు. మన దేశం మీదుగా కూడా వెళ్ళారు. ఆ బరువైన గుట్సి తన ఒడ్డూ పొడుగుకి ఎక్కువైతే తేలిక బండి ఎంచుకున్నారు. అదీ తెలివే. బండి మన కొలతకి ఉండాలిగాని, బండి కొలతకి మనం సాగాలా?

మనందరం ఖండాలు దాటనక్కర్లేదు. మార్కెట్టుకీ, ఆఫీసుకీ, పిల్లల ట్యూషనుకీ వెళ్ళొస్తే చాలు. కాని ఆ చిన్న దూరాల్లోనైనా బండి ఎవరిది అనే ప్రశ్న ఉంటుంది. ఈ వ్యాసం మొదలుపెట్టిన రోజున నా స్కూటరు ఆర్.సి. వెతికి చూశాను. 'నా స్కూటరు' అని ఎనిమిదేళ్ళుగా అంటున్నాను. కాగితం మీద మావారి పేరుంది. ఇన్సూరెన్సు ఎప్పుడు అయిపోతుందో నాకు తెలియదు. మా అమ్మ పుస్తకం చూసి గర్వపడ్డ నేను, నా బండికి ఒక్క పేజీ కూడా రాసుకోలేదు! డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, ఏం లాభం? అమ్మకి తాళంచెవి లేదు, లెక్క ఉంది. నాకు తాళంచెవి ఉంది, లెక్క లేదు. మన ఆడపిల్లలకి రెండూ ఉండాలి.

అందుకు పెద్ద చదువులక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు. ఆయిలు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాయండి. టైరు పక్కన అచ్చులో ఉండే సంకేతాలలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. అరుగుదల కనపడకపోయినా వయసు మీరిన రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. ఆర్.సి.లో పేరెవరిదో చూసుకోండి. యజమాని పోతే ముప్ఫై రోజుల్లో ఆ సంగతి తెలియజేసి, మూడు నెలల్లో పేరు మార్పుకి దరఖాస్తు చేయాలని నిబంధన. 2021లో వచ్చిన సవరణతో ఆర్.సి.లో నామినీ పేరు చేర్చుకునే వీలు కూడా కలిగింది. ఇంట్లో అందరూ బాగున్న రోజునే ఆ పని చేసుకుంటే, దుఃఖంలో ఉన్నప్పుడు కౌంటర్ల చుట్టూ తిరిగే అవస్థ కొంతైనా తగ్గుతుంది.

ఆర్.సి. పట్టుకెళ్ళి మావారి ముందు పెట్టాను. "ఎవరి పేరైతే ఏమిటోయ్, నడిపేది నువ్వేగా?" అన్నారు నవ్వుతూ.

"అవునండీ, ఎవరి పేరైనా ఒకటే. అందుకే నా పేరున మార్చేయండి" అన్నాను.

ఆయన నవ్వు ఆపి కాసేపు ఆలోచించారు. వచ్చే సోమవారం ఇద్దరం కలిసి ఆ పని మీదే వెళుతున్నాం. కొత్త నోటు పుస్తకం కొన్నాను. వెనక వైపు నుంచి కాదు, ముందు పేజీ నుంచే రాయడం మొదలుపెట్టాను. ఇక నా కథలో అమ్మాయి కూడా కదులుతుంది లెండి. తన బండి ఎందుకు ఒరుగుతుందో ఇప్పుడు ఆమెకి తెలుసు.